వార్తల్లో పదం: మిగులు నమూనా

ఐసీయూలో చేరిన రోగికి సీబీసీ (రక్తకణాల లెక్కింపు) పరీక్ష కోసం ఊదా మూత గొట్టంలో రెండు, మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. యంత్రానికి కొద్ది చుక్కలే చాలు. తక్కినది ఫ్రిజ్‌లో కొన్నాళ్లుంచి పారేస్తారు. అదే మిగులు నమూనా.

సెప్సిస్ పరిశోధనకు ఇది అక్కరకొస్తుంది. ఇన్ఫెక్షన్‌ సోకినప్పుడు శరీర స్పందన అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం సెప్సిస్. 2017లో దీనితో ముడిపడిన మరణాలు 1.1 కోట్లని అంచనా. జబ్బు పేరు ఒకటే, తీరు మాత్రం అందరిలో ఒకటి కాదు. 2019లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు రోగులను ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నాలుగు రకాలుగా విడదీశారు. డెల్టా రకంలో మరణాలు ఎక్కువ.

ఇలాంటి తేడాలను రక్తంలో వెతకడానికి మిగులు నమూనా వాడితే మళ్లీ సూది గుచ్చనక్కర్లేదు, తొలి గంటల రక్తమూ దొరుకుతుంది. అయితే నిల్వలో ఆలస్యమైతే కొన్ని ప్రోటీన్లు మారిపోతాయి. రోగిని గుర్తించే వివరాలు తొలగించాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి.