బందరుకోటలో ఒక పొద్దు

గుడివాడలో పొద్దున్నే రైలెక్కితే నూజెళ్ళ, కవుతరం, వడ్లమన్నాడు దాకా కిటికీలో అన్నీ వరిచేలే. పెడన దాటాక గాలి మారుతుంది, ముక్కుకి ఉప్పు తగులుతుంది. తర్వాతి స్టేషను చిలకలపూడి. ఆ పేరు వింటే కృష్ణా జిల్లాలో ఏ ఇంటి ఆడవాళ్ళకైనా గుర్తొచ్చేది బంగారమే. మట్టిలోంచి తవ్వి తీసింది కాదు, రాగి మీద పూత పూసింది. మా అమ్మ మెళ్ళో గొలుసు ఒక కరువు ఏట తాకట్టుకి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత పదేళ్ళపాటు ఆవిడ పుస్తెల్ని మోసింది చిలకలపూడి గొలుసే. వీధిలో ఎవరూ దాన్ని వేలెత్తి చూపలేదు. సగం మెడల్లో ఉన్నది అదే మరి.

ఆవేళ నేను చిలకలపూడిలో దిగలేదు. చివరి స్టేషను దాకా వెళ్ళి, అక్కణ్ణించి బందరుకోట చూడాలని బయల్దేరాను. పాడుపడిన బంగారు ఊరంటే మనవాళ్ళకి కోలారు గుర్తొస్తుంది. చిత్తూరు పల్లెల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి పనికి వెళ్ళాయి. 2001లో గనులు మూతపడ్డాక ఆ కాలనీలు ఎలా బోసిపోయాయో చదివిన ప్రతిసారీ నాకు మా బందరే కళ్ళ ముందు కదిలేది. ఇక్కడ ఎవరూ గని తవ్వలేదు. బంగారం ఓడల్లో వచ్చింది. ఏళ్ళ తరబడి వచ్చింది. తర్వాత రావడం మానేసింది.

కోనేరు సెంటర్లో ఆటో మాట్లాడుకున్నాను. ఈ ఊళ్ళో పేటల పేర్లు వింటూ తిరిగితే చాలు, సగం చరిత్ర తెలిసిపోతుంది. డచ్చివాళ్ళని మన పెద్దలు వలందులు అన్నారు, అది వలందపాలెం. ఫ్రెంచివాళ్ళని పరాసులు అన్నారు, అది పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనక్కర్లేదు. బందరు అన్న మాటే పారశీకంలో రేవు. ఊరి పేరుని పూర్తిగా పలికే ఓపిక బందరు జనానికి ఎప్పుడూ లేదు. బస్సు బోర్డు మీద మచిలీపట్నం, నోట్లో బందరు.

"కోటకా? అక్కడేం లేదండీ, గోడలే. బీచికి తీసుకెళ్తాను, మంగినపూడి," అన్నాడు ఆటో అబ్బాయి.

"గోడలే చూస్తాను బాబూ."

ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా బురద నేల, తుమ్మ పొదలు, మధ్యలో ఉప్పునీరు నిలిచిన మడుగులు. గిలకలదిండి వైపు నుంచి చేపల బుట్టలతో మోపెడ్లు ఎదురొస్తున్నాయి. కోటకీ ఊరికీ నడుమ ఈ బురద ఈనాటిది కాదు. కోట చరిత్రలో ఒక రాత్రిని మలుపు తిప్పింది ఇదే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కోట అనగానే బురుజులూ కందకమూ ఊహించుకుంటే నిరాశ తప్పదు. ఉన్నవి విడివిడి కట్టడాలు. ఇటుకా సున్నంతో కట్టిన దళసరి గోడలు, మందుగుండు దాచిన పాత గిడ్డంగి, గంట వేలాడదీసిన చిన్న గోపురం. పైపూత ఊడిపోయిన చోట ఇటుకలు పన్ను ఊడిన చిగుళ్ళలా ఎర్రగా కనిపిస్తున్నాయి. గోడ పగుల్లో రావి మొక్క వేళ్ళూనింది. లోపలికి తొంగిచూస్తే గబ్బిలాల కంపు, చల్లదనం. సముద్రపు గాలికి ఇటుక మీద ఉప్పు పొరలు పొరలుగా తేలుతోంది. చేత్తో రాస్తే పిండిలా రాలింది.

మేకల్ని తోలుకొస్తున్న ఒక ముసలమ్మ నన్ను చూసి ఆగింది. "సర్వే వాళ్ళా నాయనా?"

"కాదమ్మా, ఊరికే చూడ్డానికొచ్చాను."

"చూడు, చూడు. పగలైతే పర్లేదు," అని మేకల వెంట సాగిపోయింది.

డచ్చివాళ్ళు ఈ తీరానికి 1605లో వచ్చారు. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి ఇదే ముఖ్య రేవు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో లంగరు వేసింది. తూర్పు తీరంలో వాళ్ళ తొలి వర్తకశాల ఇక్కడే వెలిసింది, మద్రాసు పుట్టడానికి పాతికేళ్ళకి పైగా ముందు. వాళ్ళందరూ దేనికొచ్చారు? గుడ్డ కోసం. మన చేనేత, మన అద్దకం. మలక్కు దీవుల్లో లవంగాలూ జాజికాయలూ అమ్మేవాళ్ళు డబ్బు కంటే కోరమాండల్ బట్టనే ఎక్కువ కోరేవారు. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి ఈ తీరాన్ని మలక్కు వ్యాపారానికి ఎడమ చెయ్యి అన్నాడు. ఆ చెయ్యి మన చిరివేరు ఎరుపులో మునిగి ఉన్న చెయ్యి.

గుడ్డ కొనాలంటే వాళ్ళ దగ్గర మనకి పనికొచ్చే సరుకేదీ లేదు. ఉన్నిబట్టలు ఇక్కడి ఎండలో ఎవరు కట్టుకుంటారు? అందుకని వెండీ బంగారమూ తేవాల్సి వచ్చింది. దక్షిణాదిన చలామణి అయ్యేది బంగారు వరహా. 1660ల తర్వాత డచ్చివాళ్ళు జపాన్ బంగారాన్ని ఓడలకెత్తి ఈ తీరానికి తెచ్చారు. పులికాట్‌లో వాళ్ళకి సొంత టంకశాల ఉండేది. జపాను గనుల్లో పుట్టిన బంగారం వరహాగా మారి పెడన దగ్గర ఏ సాలె ఇంటికో చేరి ఉంటుంది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇంగ్లీషువారికి ఇచ్చిన ఆజ్ఞాపత్రాన్ని చరిత్రలో బంగారు ఫర్మానా అంటారు. ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, ఆ రాజ్యపు రేవుల్లో ఇష్టమొచ్చినట్టు వర్తకం చేసుకోవచ్చని దాని సారాంశం. 500 వరహాలకి ఎంత దొరికిందో తల్చుకుంటే నాకు ఇవాళ్టికీ కడుపు రగులుతుంది.

వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో గోల్కొండ రాజుగారి ఓడలోనే పారశీక తీరం నుంచి ఇక్కడ దిగాడు. బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరు చోటు ఇంకోటి లేదని రాశాడు. ఊళ్ళో మాత్రం అన్నీ కర్ర ఇళ్ళేనని పెదవి విరిచాడు. అతను వెతుక్కుంటూ వచ్చిన కొల్లూరు గని కృష్ణ ఒడ్డునే ఉండేది. అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని అతని లెక్క. ఆ గని ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. మన వైపు నిజంగా గనుల ఊరంటూ ఉంటే అదే, కానీ అందులో నడవడానికి దారి లేదు.

ఇక ఆ బురద రాత్రి. 1750లో కోట ఫ్రెంచివారి చేతికొచ్చింది. 1759 మార్చిలో కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు దండుతో వచ్చి ముట్టడించాడు. విజయనగరం ఆనందరాజు సైన్యం అతని వెంట ఉంది. లోపల కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి సేనాని. లోపలివాళ్ళు ఫోర్డ్ సొంత దండుకంటే ఎక్కువ. పైగా ఫోర్డ్ పెట్టె ఖాళీ. జీతాలందక అతని తెల్ల సిపాయిలే తిరగబడ్డారు. కోట పడితే దోపిడీ సొమ్ము మీదేనని మాటిచ్చాకే మళ్ళీ తుపాకులు పట్టారు. ఏప్రిల్ 7 రాత్రి కొందరు ఎవరూ నడవలేరనుకున్న ఆ బురదలో దిగి హడావుడి చేశారు. లోపలివాళ్ళ చూపు అటు మళ్ళింది, అసలు దాడి ఇంకో బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువారిది. ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచి పెత్తనం ఆ ఉదయంతోనే చెల్లిపోయింది. అంత పెద్ద మార్పుకి ఇప్పుడు సాక్షి నా చెప్పులకి అంటుకున్న ఈ నల్ల బురదే.

రేవు మెల్లగా చచ్చింది. మేట వేసిన తీరంలో పెద్ద ఓడలు దగ్గరికి రాలేకపోయాయి, మైళ్ళ దూరంలో ఆగి పడవల్లో సరుకు దింపాల్సి వచ్చేది. మాంచెస్టరు మిల్లుగుడ్డ మన అద్దకాన్ని దెబ్బతీసింది. ఇవన్నీ ఏళ్ళ మీద జరిగినవి. 1864 నవంబరు 1న జరిగింది మాత్రం ఒక్క రాత్రిలో జరిగింది. తుపానుతో కలిసి లేచిన ఉప్పెన కోటనీ ఊరినీ ముంచి మైళ్ళ లోపలికి పోయింది. 30,000 మంది పోయారని లెక్క. ఆ తర్వాత కోటలో సైన్యాన్ని ఉంచలేదు. దివిసీమవాళ్ళకి 1977 నవంబరు 19 ఎలాంటిదో బందరుకి ఆ రాత్రి అలాంటిది. తేడా ఒకటే. దివిసీమలో ఆ ఉప్పెన చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఏటా నవంబరులో స్తూపం దగ్గర నిలబడతారు. బందరు ఉప్పెన గురించి చెప్పే నోళ్ళు ఎప్పుడో మూతబడ్డాయి.

డచ్చి సమాధుల దగ్గరికి వెళ్ళినప్పుడు నన్ను నిజంగా తాకింది ఇదే. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ చనిపోయిన వర్తకుల మీద నల్లరాతి పలకలు పరిచారు. పేరు, హోదా, పుట్టిన చోటు, పోయిన తేదీ, పైన వంశపు ముద్ర. అక్షరాలు చెక్కినవి కావు. చుట్టూ రాతిని తొలిచి వాటినే పైకి తేల్చారు, వేలితో తడిమితే గుడ్డివాళ్ళు కూడా చదవగలరు. ఆ పని చేసిన చేతులు మన శిల్పులవే అయ్యుంటాయని నా నమ్మకం. అక్కడి అంచుల్లో తీగలూ పువ్వులూ చూస్తే కలంకారీ దుప్పటి అంచే కళ్ళకి కట్టింది. మూడున్నర వందల ఏళ్ళ తర్వాత కూడా హాలండులో పుట్టిన ఒక మనిషి పేరు బందరులో చదవగలుగుతున్నాను. అతనికి గుడ్డ నేసిన వాళ్ళ పేరు ఒక్కటి నాకు తెలీదు. ఉప్పెనలో పోయిన 30,000 మందిలో ఒక్కరి పేరు కూడా తెలీదు.

సమాధుల మీద నాకు కోపం లేదు. పురావస్తుశాఖ వాటిని కాపాడుతున్నందుకు సంతోషమే. కానీ కోట దగ్గర ఒక రాయి నిలబెట్టి దాని మీద 1864 అని తెలుగులో చెక్కిస్తే ఎంత ఖర్చవుతుంది? ఏ కలంకారీ కళాకారుడో దాని అంచు గీసి ఇస్తాడు. కొత్త రేవుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన రాళ్ళు వేశారు. ఆ రాళ్ళ పక్కన ఇదొక్కటి ఎక్కువవుతుందా? రేవు రావాలి, తప్పకుండా రావాలి. ఈ ఊరి కుర్రాళ్ళు హైదరాబాదు బస్సెక్కకుండా బతకాలంటే రావాలి.

తిరుగు రైలుకి గంటన్నర ఉంది. చిలకలపూడి దాకా ఆటోలోనే వెళ్ళాను. పాండురంగస్వామి గుడి వెనక సందుల్లో నడుస్తుంటే ప్రతి రెండో ఇంట్లోనూ చిన్న సుత్తి చప్పుడు. తీగ లాగడం ఒక ఇంట్లో, అచ్చు కొట్టడం ఇంకో ఇంట్లో, టంకం, మెరుగు, పూత, ఒక్కొక్కటి ఒక్కో చోట. ఒక అరుగు మీద ఒకావిడ పళ్ళెంలో గొలుసులు పోసుకుని కొక్కేలు తగిలిస్తోంది. డజనుకింత అని కూలి. వేళ్ళ కొసలు నల్లగా కాలి ఉన్నాయి.

"ఇవన్నీ ఎక్కడికెళ్తాయమ్మా?"

"సేటు తీసుకెళ్తాడండీ. బొంబాయి, మద్రాసు, ఇంకా ఎక్కడెక్కడికో. సముద్రం దాటి కూడా వెళ్తాయంట."

"మీరెప్పుడైనా చూశారా, ఎవరు పెట్టుకుంటారో?"

ఆవిడ నవ్వి తన మెడ చూపించింది. అక్కడా అదే గొలుసు, పూత కాస్త వెలిసింది. "ఇది మొన్న సంకురాత్రికి వేసుకున్నానండీ. ఇంకో ఏడాది వస్తుంది. తర్వాత మళ్ళీ పూత పెట్టించుకోవడమే."

ఇంటికెళ్ళేటప్పుడు అమ్మకి ఏం తీసుకెళ్ళాలో నాకు పొద్దుటే తెలుసు. గొలుసు ఎంచుతుంటే ఆవిడ అడిగింది, పొడుగు ఎంత కావాలని. అమ్మ మెడ ఇప్పుడు సన్నబడింది. నా అరచేత్తో కొలిచి చూపించాను.