ఆపరేషన్ లెక్కలు, రోగి గుట్టు: అపోహలు – వాస్తవాలు

ఏడాదిలో చేసిన ఆపరేషన్లలో ఎన్ని కుట్లకు చీము పట్టింది, ఎందరిని మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వచ్చింది, ఎందరు నెల తిరక్కుండా చనిపోయారు? కేస్ షీట్లు తిరగేసి ఈ లెక్క తీయడమే సర్జికల్ ఆడిట్. ప్రతి ఆసుపత్రీ చేయాల్సిన పనే ఇది. కానీ రోగి గుట్టు బయటపడకుండా చేయాలి.

అపోహ: ఆపరేషన్‌కు సంతకం పెట్టిన రోగి వివరాలు ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: ఆ సంతకం ఆ ఆపరేషన్ వరకే. పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు చెల్లదని సమీరా కోహ్లి కేసులో 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రోగిని గుర్తుపట్టేలా ఫొటో గానీ కేసు వివరాలు గానీ వైద్య పత్రికల్లో వేయాలంటే అనుమతి ఉండాలని 2002 నాటి వైద్యుల నియమావళి చెబుతోంది.

అపోహ: పేరు తీసేస్తే చాలు, ఎవరో తెలియదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఎక్సెల్ షీట్‌లో ‘62 ఏళ్లు, స్త్రీ, ఫలానా ఊరు, ఫలానా తేదీన రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్’ అని ఒక వరస ఉందనుకోండి. ఆ ఊళ్లో ఆమె ఎవరో ఎవరికి తెలియదు? పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడింటితోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని గుర్తించే వీలుందని పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టారు. ఎక్స్‌రే ఫిల్ము మూల పేరు అచ్చై ఉంటుంది. గాయం ఫొటోలో చేతి మీది పచ్చబొట్టూ పడుతుంది. అందుకే తేదీకి బదులు నెల, ఊరికి బదులు జిల్లా, ఇన్‌పేషెంట్ (ఐపీ) నంబరుకు బదులు ఒక కోడ్ రాయాలి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితాను విడిగా భద్రపరచాలి. ఆ షీటు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు.

అపోహ: ఆడిట్‌కు ప్రతి రోగి అనుమతీ తీసుకోవాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. గుర్తింపు వివరాలు లేకుండా సంస్థ లోపల నాణ్యత కోసం చేసే ఆడిట్లను ఎథిక్స్ కమిటీ సమీక్ష నుంచి మినహాయించవచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ఆ మినహాయింపు సర్జన్ తనకు తాను ఇచ్చుకునేది కాదు, ఎథిక్స్ కమిటీ ఇవ్వాలి. అదే డేటాతో థీసిస్సో వ్యాసమో రాసే ఉద్దేశం ఉంటే ఆ మాట కమిటీకి ముందే చెప్పాలి.

అపోహ: కేస్ షీట్ అడిగే హక్కు రోగికి లేదు.

వాస్తవం: ఉంది. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని ఆ 2002 నియమావళిలోనే ఉంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు మొహమాటపడకుండా అడగండి. మీ వివరాలు ఇంకెక్కడ వాడుతున్నారో కూడా అడగండి.