కావలికుక్క గాయమునకు ప్రథమ చికిత్స

విశాఖపట్టణ మండలమందలి ఆనందపురము, పద్మనాభము ప్రాంతముల రైతులకు కుక్కయే పొలమునకు రాత్రికావలి. ముండ్లతీగ గీచుకొనియో, వేఱొక కుక్క కఱచియో దానికి గాయమైనచో చేయవలసిన పని యిది.

నొప్పిచేత పెంపుడుకుక్కయు యజమానుని కఱచును. కావున ముందుగా మెత్తని గుడ్డపేలికతో మూతి కట్టవలెను. ఊపిరాడనప్పుడును, వాంతి యగునప్పుడును కట్టరాదు. నెత్తురు కాఱుచున్నచో శుభ్రమైన గుడ్డను 5 నిమిషములు ఎత్తిచూడక గాయముపై అదిమిపట్టవలెను. అప్పటికిని ఆగనిచో అదిమిపట్టియే వైద్యునికడకు గొనిపోవలెను.

నెత్తురు ఆగిన పిదప, కాచి చల్లార్చిన అరలీటరు నీటిలో చిన్నచెంచాడు ఉప్పు కలిపి మట్టి పోవునట్లు కడుగవలెను. కిరసనాయిలు, సున్నము, బూడిద, ఫినాయిలు వేయరాదు; అవి గాయమును చెఱచును. మనుష్యుల నొప్పిమాత్రలు కుక్కకు విషతుల్యములు. ఈగ వ్రాలినచో త్వరలోనే పురుగు పట్టును. కావున పలుచని గుడ్డ కట్టి, నాకనీయక, ఆ దినముననే పశువైద్యశాలకు గొనిపోవలెను.

కుక్కకాటు గాయమైనచో పిచ్చికుక్క వ్యాధి భయము కలదు. దాని చొంగ మీ చేతి పుండునకు తగిలినచో 15 నిమిషములు సబ్బునీటితో కడిగి, వెంటనే ప్రభుత్వ వైద్యశాలలో టీకా వేయించుకొనుడు. లక్షణములు పొడసూపిన పిదప ఆ వ్యాధికి మందు లేదు. కుక్కకు ఏటేట టీకా వేయించుట ఇంటిల్లిపాదికిని రక్ష.