ద్వితీయ ప్రతిదేహకం: ఆ వెలుగును ఎప్పుడు నమ్మాలి?

సూక్ష్మదర్శినిలో ఆకుపచ్చగా మెరిసే కణం కనిపించగానే ‘పాజిటివ్’ అని రాయాలనిపిస్తుంది. ఆ వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకున్నాకే ఆ మాట రాయాలి.

లూపస్ వ్యాధిని అనుమానించినప్పుడు చేసే ఏ.ఎన్.ఏ. పరీక్షను ఉదాహరణగా తీసుకుందాం. ఈ వ్యాధిలో రోగి శరీరం తన కణ కేంద్రకాలలోని పదార్థాలకే ప్రతిదేహకాలను తయారుచేస్తుంది. స్లైడుపై స్థిరపరచిన మానవ కణాల మీద, పలుచన చేసిన రోగి సీరమ్‌ను వేస్తారు. అందులో అటువంటి ప్రతిదేహకాలు ఉంటే అవి కేంద్రకాలకు అంటుకుంటాయి. ఇవి ప్రాథమిక ప్రతిదేహకాలు. ఇవి మనకు కనిపించవు. స్లైడును కడిగి, మానవ ఐజీజీని గుర్తించే ద్వితీయ ప్రతిదేహకాన్ని వేస్తారు. దీన్ని సాధారణంగా మేక వంటి జంతువులో తయారుచేసి, ఫ్లోరెసీన్ రంజకాన్ని జతచేస్తారు. ఈ రంజకం సుమారు 495 నానోమీటర్ల నీలికాంతిని గ్రహించి, 520 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని వెలువరిస్తుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు.

1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం ప్రతిదీప్తి రంజకాన్ని నేరుగా ప్రతిదేహకానికే జతచేసి చూపింది. మరి ఇక్కడ రెండో ప్రతిదేహకం ఎందుకు? ప్రతి రోగి ప్రతిదేహకాలకూ విడివిడిగా రంజకం జతచేయడం సాధ్యమయ్యే పని కాదు. ఒకే ద్వితీయ ప్రతిదేహకం రోగులందరి సీరమ్‌లకూ సరిపోతుంది. పైగా ఒక ప్రాథమిక ప్రతిదేహకానికి ఒకటి కన్నా ఎక్కువ ద్వితీయ ప్రతిదేహకాలు అంటుకోగలవు కనుక వెలుగు పెరుగుతుంది.

అయితే రంజకం తాను ఎక్కడ మిగిలిపోతే అక్కడే మెరుస్తుంది. నేను పాఠం చెప్పే రోజుల్లో ఒకసారి విద్యార్థుల స్లైడులోని గుంటలన్నీ మెరిశాయి. అందరూ సంతోషించారు. సీరమ్ లేకుండా బఫర్ మాత్రమే వేసిన గుంట కూడా మెరుస్తోందని ఒక అమ్మాయి గమనించింది. కడగడంలో తొందరపడ్డారు. మళ్లీ చేస్తే చాలా గుంటలు చీకటిగానే ఉన్నాయి.

అందుకే ప్రతిసారీ మూడు కంట్రోళ్లు పెట్టండి: బఫర్ మాత్రమే వేసినది, నెగటివ్ అని ముందే తెలిసిన సీరమ్, పాజిటివ్ అని ముందే తెలిసిన సీరమ్. మొదటి రెండూ మెరవకూడదు, మూడోది మెరవాలి. ఏ ఒక్కటి తప్పినా ఆ రోజు ఫలితాలు చెల్లవు.

కంట్రోళ్లు సరిగా ఉన్నా, 1:40 వంటి తక్కువ పలుచనలో ఆరోగ్యవంతులలో కొందరికి కూడా పాజిటివ్ రావచ్చు. కనుక పలుచన ఎంతో, వెలుగు ఏ తీరులో ఉందో రిపోర్టులో తప్పక రాయండి. వ్యాధి ఉందో లేదో రోగ లక్షణాలతో కలిపి వైద్యులు నిర్ణయిస్తారు. మీరు రాసే ఒక్క మాటను పట్టుకుని ఒక కుటుంబం ఆ రాత్రి నిద్రపోకపోవచ్చు.

మీరే ఆలోచించండి: ప్రాథమిక ప్రతిదేహకం కుందేలులో తయారైనదైతే, ద్వితీయ ప్రతిదేహకం దేనిని గుర్తించాలి?