సరుకు తెలియని అంగడి

రాజధానిలోని ఒక ప్రభుత్వ విక్రయశాలలో ఇటీవల ఒక మహిళ పోచంపల్లి పట్టుచీర చేతిలోకి తీసుకొని, ఇటువంటిదే బయట బజారులో నాలుగోవంతు ధరకు వస్తున్నదే, దీని విశేషమేమిటని అడిగింది. కౌంటరు వెనుక ఉద్యోగి కాసేపు ఆలోచించి, "ఇది గవర్నమెంటు రేటు మేడమ్, దీపావళికి రిబేటు ఇస్తారు, అప్పుడు రండి" అని సలహా ఇచ్చాడు. ఆమె చీరను బల్లమీద వదిలి వెళ్లిపోయింది.

ఆ ఉద్యోగిని నిందించి ప్రయోజనం లేదు. ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. చీరను తిరగవేసి చూపితే ఆమె ప్రశ్నకు సమాధానం దొరికేది. అచ్చు వేసిన బట్టకు సాధారణంగా వెనుకవైపు రంగు వెలవెలబోతుంది. ఇకత్‌లో నూలుకే ముందుగా ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గానికెక్కిస్తారు గనుక రెండువైపులా బొమ్మ ఒక్కటే. బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్లుండడం చూసి, లోపమని బేరం తగ్గించేవారూ ఉన్నారు. దారం మీద కట్టిన ముడికి ఆ చెదురు సహజమని చెప్పవలసినవాడు అంగడివాడే.

మగ్గానికి ముందు ఆసు పని ఉన్నది. అర్ధచంద్రాకారపు చట్రానికి బిగించిన మేకుల చుట్టూ పేక దారాన్ని తిప్పుతూ, ఒక్కొక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి ఆడించాలి. ఈ చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవారిదే. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ కథ తెలిసిన విక్రేత ధర చెప్పడానికి జంకనవసరం లేదు.

ఢిల్లీ పాలకుల దృష్టిలో మాత్రం చేనేత అమ్మకమంటే దశాబ్దాలుగా రిబేటే. ఆ బాకీలు సకాలంలో అందలేదని సహకార సంఘాలు మొరపెట్టుకోవడమూ అంత పాతదే. చట్టాలకు కొదవ లేదు: కొన్ని వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది, 2004-05లో పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు, 2006లో చేనేత ముద్ర వచ్చాయి. కాని అంటించిన చీటీ నోరు విప్పి మాట్లాడదు గదా! 2019-20 జాతీయ చేనేత గణనలో 35 లక్షల పైచిలుకు కార్మికులు తేలారు. వారి కుటుంబాలలో దాదాపు మూడింట రెండు వంతుల ఆదాయం నెలకు 5 వేల రూపాయలకు లోపే. సరుకు గురించి చెప్పలేని అంగడి ధర తగ్గించుకుంటూ పోతే ఆ కోత చేరేది ఈ ఇళ్లకే.

ఇదే నగరంలో మరో దృశ్యం. 1994లో ఐఎన్ఏ వద్ద ప్రారంభమైన ఢిల్లీ హాట్‌లో చేతిపనివారే అమ్ముకుంటారు. అక్కడ పుట్టపాక నేతగాడు ఒకాయన మన హైదరాబాదు హిందీలో తేలియా రుమాల్ గురించి చెబుతున్నాడు. ఆముదపు కాయల బూడిదతో, నూనెతో నూలును ఎన్నిసార్లు నానబెట్టాలో లెక్క చెప్పి, బట్టను ఆమె చేతికిచ్చి వాసన చూడమన్నాడు. అప్పటిదాకా సగానికి బేరమాడుతున్న ఆ ఉత్తరాది గృహిణి ధర మాట మళ్లీ ఎత్తలేదు. రెండు రుమాళ్లలో ఏది తీసుకోవాలో తేలక, దూరంగా టీ తాగుతున్న భర్తను కేకవేసి పిలిచింది.