కొండమీద గాలిమరలు - కింద మేతబీళ్ళ గోడు

అనంతపురం నుంచి బెంగుళూరు రోడ్డున పోయేవారికి చెన్నేకొత్తపల్లి దరిదాపుల్లో కొండల మీద తెల్లని గాలిమరలు కనబడతాయి. బస్సులో పిల్లలు వాటిని లెక్కపెట్టుకుంటూ పోతారు. చూడముచ్చటగానే వుంటాయి. వాటి కింద కాపురాలు చేసే వారి సంగతి వేరు.

గాలిమర మనకు కొత్త కాదు. రామగిరి కొండల మీద 1990లలోనే చిన్న మరలు వెలిశాయి. అక్కడి బంగారు గని 2001లో మూతపడింది గానీ మరలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. ఆ తరువాత ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప వైపు కూడా చేరాయి. వానకు మొహం వాచిన ఈ సీమకు గాలి మాత్రం కొదువ లేదు. మే నెల నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి వీస్తూనే వుంటుంది.

నల్లకొండ కథ వేరు. ముష్టికోవెల, దాని చుట్టుపక్కల పల్లెల వారు 1990ల తొలినాళ్ళ నుంచి బోడికొండలను కాపాడుకుంటూ వచ్చారు. టింబక్టు కలెక్టివ్ సంస్థ తోడుగా నిలిచింది. నిప్పు పడకుండా కాపలా కాశారు, విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు. అలా దాదాపు 9 వేల ఎకరాలు పచ్చబడి, దానికి కల్పవల్లి అని పేరు వచ్చింది. గొర్రెలకు, పశువులకు మేత దొరికింది. ఇళ్ళ కప్పులకు బోద, చీపుళ్ళకు, చాపలకు ఈతాకు దొరికాయి. వంకల్లో నీరు నిలిచింది. తోడేళ్ళు కూడా తిరిగి వచ్చాయి. గొర్రెల కాపరికి అది సంతోషించే సంగతి కాకపోవచ్చు గానీ, అడవి కోలుకున్నదనడానికి అంతకంటె గుర్తు మరొకటి వుండదు.

అయితే రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి బంజరుగానే వుండిపోయింది. ఇరవై ఏళ్ళ కష్టం ఏ అడంగల్‌లోనూ ఎక్కలేదు. 50.4 మెగావాట్ల గాలివిద్యుత్ కేంద్రానికి స్థలం చూసినప్పుడు కాగితం మీద బంజరు కనబడింది, కొండ మీద గాలి కనబడింది. ఒక్కొక్కటి 800 కిలోవాట్ల మరలు వచ్చాయి.

మర నిలబడే చోటు చిన్నదే. చిక్కంతా రోడ్డుతో వచ్చింది. దాదాపు 80 అడుగుల రెక్కను ఏ ముక్కలూ చేయకుండా ఒకే బండిపై కొండ శిఖరానికి చేర్చాలి. దానికి వెడల్పయిన బాట కావాలి, మలుపులు విశాలంగా వుండాలి. అందుకని కొండలను తొలిచారు. తవ్విన మట్టి, రాళ్ళు వాలు మీద నుంచి జారి వంకల్లో పడ్డాయి. చెట్లు పోయాయి, గడ్డి పోయింది, నీటి దారులు మారాయి. పల్లెల వారు, వారితో పనిచేసిన సంస్థలు 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు.

ముందే ఎందుకు అడగలేదని పట్నంవారు అడుగుతారు. అడిగే చోటే లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కిందికి గాలివిద్యుత్ రాదు. గని తవ్వాలన్నా, బొగ్గుతో కరెంటు తీయాలన్నా ఊరివారిని పిలిచి బహిరంగ విచారణ జరపాలి. గాలిమరకు అక్కరలేదు. పొగ రాదు గనుక కీడు లేదన్నది ఆ నిబంధన వెనుక వున్న తలపు. పొగ రాదన్నమాట నిజమే, అది చిన్న మేలు కూడా కాదు. కానీ కొండ తొలిచిన మట్టికి పొగ వుండదు గదా!

ఇక పల్లెల్లో నలిగే మరో మాట వుంది. మరలు మబ్బులను తరిమేస్తున్నాయని, వానలు పడకపోవడానికి అవే కారణమని చాలామంది నమ్మకం. ఇది నిలిచే మాట కాదు. మర రెక్క కొన నేలకు వంద మీటర్ల ఎత్తులోనో, అంతకు కొంచెం పైనో తిరుగుతుంది. వానమబ్బు అడుగు అంతకు ఎన్నో రెట్లు ఎత్తున వుంటుంది. ఈ సీమ కరువు మరలకంటె పాతది. 1876-78 నాటి మహాకరువులో ఇక్కడ గాలిమర ఒక్కటీ లేదు. పడమటి కనుమల చాటున వుండబట్టి మనకు వాన తక్కువ. వాన మాట పట్టుకుని వాదిస్తే, నిజమైన ఫిర్యాదు కూడా నవ్వులపాలవుతుంది.

శబ్దం మాత్రం నిజం. పగలు పనుల గోలలో వినపడదు. రాత్రి నేల మీద గాలి ఆగి, పైన వీస్తున్నప్పుడు ఆరుబయట మంచం వేసుకున్న వారికి రెక్కల హోరు లయగా వినబడుతూనే వుంటుంది. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రిపూట హద్దు 45 డెసిబెళ్ళు. పొద్దువాలే వేళ మర ఇంటికి పడమటి దిక్కున వుంటే, తిరిగే రెక్కల నీడ గుమ్మంలో పడి వెలుగు ఆరి వెలిగినట్టు అవుతుంది.

రైతులు గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. శబ్దం బాధ తగ్గించడానికి, నివాసాలకు 500 మీటర్ల లోపల మర పెట్టరాదు. రోడ్డుకు, భవనానికి దూరం ఎంతంటే స్తంభం ఎత్తు, దానికి ఒక రెక్క పొడవు, ఆపైన 5 మీటర్లు. అంతకు ముందు నిలబెట్టిన మరల సంగతి వేరు. కొత్తది వస్తున్నదని తెలిస్తే పునాది గుంత తవ్వక ముందే టేపు పట్టి కొలవాలి, తహసీల్దారుకు అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. స్తంభం లేచాక కొలిచి లాభం లేదు.

మా కొండ మీద కరెంటు పుడుతుంటే మా ఇంట్లో దీపం ఎందుకు ఆరుతుందని అడిగేవారున్నారు. కొండ మీది కరెంటు తీగల వెంట సబ్‌స్టేషన్‌కు పోయి గ్రిడ్‌లో కలుస్తుంది. పక్క పల్లెకు వేరే వాటా ఏమీ వుండదు. మర తిరగడం మొదలయ్యాక అక్కడ పని కూడా కొద్దిమందికే, అదీ ఎక్కువగా కాపలా పనే.

కల్పవల్లి పల్లెల వారికి గొర్రెలు, ఈతాకు ఇంకా బతుకుతెరువే. కొండకు పోయే దారిలో ఇప్పుడు పాత కాలిబాటతో పాటు ఆ వెడల్పయిన రోడ్డూ వుంది. దాని అంచు నుంచి జారిన రాళ్ళు ఏ వంకలో ఎంత లోతు పూడ్చాయో, వాన కురిసిన మర్నాడు గొర్రెలు తోలుకుపోయే వారినడిగితే చూపిస్తారు.