రెండక్షరాల పరకాయ ప్రవేశం!

విక్రమార్కుడి కథల్లో పరకాయ ప్రవేశం గురించి చదివే ఉంటారు. సొంత ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి దూరిపోవడం! కంప్యూటర్‌లో ఆ విద్య నిజంగానే ఉంది. దానికి మంత్రం రెండే అక్షరాలు... ఎస్, యు.

యునిక్స్, లినక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్లను ఒకేసారి చాలామంది వాడుకోవచ్చు. ఎవరి ఖాతా వారిది, ఎవరి ఫైళ్లు వారివి. అందరి మీదా ఒక యజమాని ఉంటాడు. పేరు ‘రూట్’, నంబరు సున్నా. ఎవరి ఫైలైనా చూడగలడు, డిస్కు మొత్తాన్నీ తుడిచేయగలడు. ‘నిజంగానే చెరిపేయమంటారా?’ అని అడిగే నాథుడు ఉండకపోవచ్చు!

‘ఎస్‌యు’ అని టైపు చేసి రూట్ పాస్‌వర్డ్ ఇస్తే మీరే రూట్. పక్కన మరొకరి పేరు చేర్చి, వారి పాస్‌వర్డ్ ఇస్తే వారి ఖాతాలోకి వెళ్తారు. మధ్యలో చిన్న గీత పెడితే ఆ ఖాతా సెట్టింగులూ వస్తాయి. లేదంటే మీ పాత సెట్టింగులు చాలావరకు వెంటే ఉంటాయి. ‘హూయామై’ అని అడిగితే మీరిప్పుడు ఎవరో చెబుతుంది. ‘ఎగ్జిట్’ అంటే... మళ్లీ సొంత ఒంట్లోకి!

ఎవరి పాస్‌వర్డ్ వారే...

ఇది కొత్త విద్యేం కాదు. 1971లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వెలువరించిన తొలి యునిక్స్ మాన్యువల్‌లోనే ఉంది. ప్రోగ్రామును ఎవరు నడిపినా అది తన యజమాని అధికారంతో పనిచేయడమే దీని వెనకున్న కిటుకు. కనిపెట్టింది డెనిస్ రిచీ. 1979లో దానికి పేటెంట్ కూడా వచ్చింది.

చిక్కల్లా ఒక్కటే. పదిమందికి రూట్ అధికారం కావాలంటే పదిమందికీ ఒకే పాస్‌వర్డ్ చెప్పాలి. రేపు ఏదైనా పోతే ఎవరిని అడగాలి? అందుకే 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీలో బాబ్ కోగ్‌షెల్, క్లిఫ్ స్పెన్సర్ ‘సుడూ’ రాశారు. మామూలుగా ఇది అడిగేది రూట్ పాస్‌వర్డ్ కాదు, మీదే! ఎవరికి ఏ పనికి అనుమతి ఉందో ముందే రాసిపెట్టుకోవచ్చు. ఎవరేం చేశారో చిట్టాలోకి ఎక్కుతుంది.

అయితే కాపలాదారూ ఒక్కోసారి కునుకు తీస్తాడు. 2011 నుంచీ సుడూలో దాగున్న ఒక లోపం 2021 జనవరిలో బయటపడింది. మామూలు ఖాతా ఉన్నవారు కూడా పాస్‌వర్డ్ లేకుండానే రూట్ అయిపోయేంత లోపం! వెంటనే సవరణ వచ్చింది. అప్‌డేట్లను వాయిదా వేయొద్దనేది అందుకే.

పరకాయ ప్రవేశం చేసినవారికి అసలు గండం తిరిగి రావడంలోనే. రూట్‌గా ఉండగానే టీ తాగడానికి లేచి వెళ్లారో... ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వారే రాజు. లేచేముందు ‘ఎగ్జిట్’ కొట్టడం మరవకండి!